మెదడులో తీగ ఉంది... మత్తు డాక్టరుకు చెప్పారా?

అమెరికాలోని రోచెస్టర్ పట్టణం, మేయో క్లినిక్ ఆపరేషన్ థియేటర్. బల్ల మీద వాలుగా పడుకున్న మనిషి తలకు లోహపు చట్రం బిగించి ఉంది. పుర్రెకు రూపాయి బిళ్ల కంటే చిన్న రంధ్రం పెట్టారు. ఆయన చేతిలో మాత్రం వయొలిన్. పేరు రోజర్ ఫ్రిష్, మిన్నెసోటా ఆర్కెస్ట్రాలో వాద్యకారుడు. కమాను తీగ మీద నిలకడగా సాగాల్సిన చోట చెయ్యి సన్నగా వణుకుతోంది. ఇంకొకరికైతే ఆ వణుకు పెద్ద లెక్కలోకి రాదు. వయొలిన్ పట్టిన చేతికి అది బతుకుతెరువునే తీసేస్తుంది. వణుకు ఎంత ఉందో కొలవడానికి కమానుకు చిన్న సెన్సర్ అమర్చారు. మెదడు లోతుల్లోకి దించిన సన్నని తీగలోకి డాక్టర్లు కరెంటు వదిలారు. కమాను కుదుటపడింది. స్వరం నిలిచింది.

ఇలాంటి దృశ్యాలు మనకూ కొత్త కాదు. 2017లో గుంటూరులో ఒక నర్సుకు 'బాహుబలి' చూపిస్తూ మెదడులో కణితి తీశారన్న వార్త దేశమంతా తిరిగింది. 2022లో హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో ఒక మహిళ చిరంజీవి 'అడవి దొంగ' చూస్తుండగా మెదడు ఆపరేషన్ చేశారు. అవి కణితి తీసే ఆపరేషన్లు. ఫ్రిష్‌కు చేసింది మెదడులో తీగ అమర్చి, దాన్ని శాశ్వతంగా అక్కడే ఉంచే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్. డాక్టర్లంతా డీబీఎస్ అంటారు. ఏ ఆపరేషనైనా వీడియోలో కనిపించేది రోగి ముఖం, సర్జన్ చెయ్యి. తెర పక్కన స్టూలు వేసుకుని, రోగి చెయ్యి పట్టుకుని, ఊపిరి లెక్కపెడుతూ కూర్చునే మత్తు డాక్టరు ఎవరికీ కనపడరు. చూసినవాళ్లు అడిగే ప్రశ్న కూడా ఒక్కటే: మెలకువలో అంత నొప్పి ఎలా ఓర్చుకున్నారు? అడగాల్సిన అసలు ప్రశ్న వేరే ఉంది. ఆ తీగతో ఇంటికి వెళ్లిన మనిషి రేపు హెర్నియాకో, కంటి శుక్లానికో, విరిగిన తుంటికో మళ్లీ బల్ల ఎక్కితే పరిస్థితి ఏమిటి? డీబీఎస్ రోగికి మత్తు అవసరం ఆ ఒక్క రోజుతో తీరిపోదు, జీవితాంతం వెంట ఉంటుంది. మొదటి రోజు మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు కూడా తర్వాతి రోజుల మీద పెట్టడం లేదు. తప్పించుకోగలిగిన ప్రమాదాలు చాలావరకు ఆ తర్వాతి రోజుల్లోనే ఉన్నాయి.

నిద్రపోతే దొరకని జాడ

డీబీఎస్ పుట్టుకే మెలకువగా ఉన్న రోగి వల్ల సాధ్యమైంది. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో న్యూరోసర్జన్ అలీం లూయీ బెనబిద్ వణుకు రోగులకు పాత పద్ధతిలో ఆపరేషన్లు చేస్తున్నారు. మెదడులో థాలమస్ అనే భాగంలో వణుకుకు కారణమయ్యే చోటును వెతికి, దాన్ని కాల్చేయడం ఆ పద్ధతి. కాల్చితే మళ్లీ వెనక్కి తీసుకోలేం కాబట్టి ముందు ఆ చోట కొద్దిగా కరెంటు ఇచ్చి సరైన చోటేనా అని చూసుకునేవారు. కరెంటు వేగాన్ని సెకనుకు వంద సార్ల దాకా పెంచేసరికి చెయ్యి వణకడం ఆగింది. తీసేస్తే మళ్లీ మొదలైంది. కాల్చకుండా తీగనే లోపల ఉంచేస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచన అక్కడ పుట్టింది. న్యూరాలజిస్టు పియెర్ పొలాక్‌తో కలిసి ఆయన 1993 నాటికి పార్కిన్సన్స్ రోగుల్లో సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే మరో చోటికి ఈ చికిత్సను తీసుకెళ్లారు. అమెరికాలో 1997లో వణుకుకు, 2002లో పార్కిన్సన్స్‌కు అనుమతి వచ్చింది. ఈ కృషికి బెనబిద్, దీనికి పునాది వేసిన అమెరికా శాస్త్రవేత్త మాలన్ డిలాంగ్ 2014లో లాస్కర్ అవార్డును పంచుకున్నారు.

పార్కిన్సన్స్ వణుకు నిద్రలో ఉండదు. గ్రెనోబుల్‌లో ఆ రోగిని పూర్తిగా నిద్రపుచ్చి ఉంటే చెయ్యి కదిలేది కాదు, ఆగడాన్ని ఎవరూ చూసేవారు కాదు. డీబీఎస్‌లో మత్తు డాక్టరుకు ఎదురయ్యే చిక్కంతా ఇందులోనే ఉంది. మామూలు ఆపరేషన్‌లో రోగి ఎంత గాఢంగా నిద్రపోతే అంత మంచిది. ఇక్కడ మాత్రం రోగి మాట్లాడాలి, వేళ్లు ఆడించాలి, కళ్లు తిప్పాలి. చికిత్స చేయాల్సిన లక్షణం డాక్టర్ల కళ్ల ముందు ఉండాలి. అందుకే ముందురోజు రాత్రి నుంచే పార్కిన్సన్స్ మాత్రలు ఆపేస్తారు. తెల్లారేసరికి ఒళ్లు బిగుసుకుపోయి, పక్కకు ఒత్తిగిలడానికి కూడా రాని స్థితిలో ఆ మనిషి థియేటర్‌లోకి వస్తాడు. అంత కష్టంలో ఉన్న మనిషికి మత్తుమందు తక్కువ ఇవ్వాల్సి రావడం ఈ వృత్తిలో చాలా కఠినమైన పని.

నొప్పి చర్మానిది, మెదడుది కాదు

మెదడు కణజాలానికి నొప్పి తెలియదు. నొప్పి తెలిసేది నెత్తి చర్మానికి, ఎముకను అంటిపెట్టుకున్న పొరకు, మెదడు మీద కప్పుకున్న పొరకు. కనుబొమల పైనుంచి చెవుల ముందుగా మెడ వెనక దాకా నెత్తికి వెళ్లే నరాలన్నిటి చుట్టూ స్పర్శ పోగొట్టే సూదిమందు వేస్తారు. లిగ్నోకెయిన్, బుపివకెయిన్, రోపివకెయిన్ లాంటివి వాడతారు. దీన్నే స్కాల్ప్ బ్లాక్ అంటారు. ఇది సరిగ్గా పడితే చట్రం బిగింపు కూడా ఒత్తిడిలా అనిపిస్తుందే తప్ప నొప్పిలా అనిపించదు. ఎముకకు డ్రిల్ పెట్టినప్పుడు మాత్రం తలంతా మోగినట్టు ఉంటుంది. ఆ కొద్ది నిమిషాల కోసం రోగిని కాసేపు జోకొట్టి మళ్లీ లేపే పద్ధతిని చాలామంది పాటిస్తారు.

ఏ మందుతో జోకొట్టాలన్నది తర్వాతి ప్రశ్న. తీగ సరైన చోటికి చేరిందో లేదో తేల్చడానికి మొన వెంట్రుక కంటే సన్నగా ఉండే సూదులతో నాడీకణాల విద్యుత్ సంకేతాలను వింటారు. స్పీకర్‌లో అవి రేడియో స్టేషన్ కుదరనప్పుడు వచ్చే గరగర చప్పుడులా వినిపిస్తాయి. సూది కొద్ది కొద్దిగా దిగుతుంటే నిశ్శబ్దం, ఒక్కసారిగా గట్టి చప్పుడు, మళ్లీ పలచన. గట్టిగా వినిపించిన ఆ కొన్ని మిల్లీమీటర్లే వెతుకుతున్న చోటు. రోజూ వాడే ప్రొపొఫాల్, మిడజొలామ్ లాంటి మందులు ఈ చప్పుడును అణచేస్తాయి, వణుకునూ ఆపేస్తాయి. అందుకే ప్రొపొఫాల్ ఇస్తే వినడానికి చాలా ముందే ఆపేయాలి. 1999లో అమెరికాలో అనుమతి పొందిన డెక్స్‌మెడిటొమిడిన్ వేరే దారిలో పనిచేస్తుంది. తక్కువ మోతాదులో అది మామూలు నిద్రకు దగ్గరగా ఉండే మగత ఇస్తుంది. పిలిస్తే రోగి కళ్లు తెరుస్తాడు, ఊపిరి మందగించదు, నాడీకణాల చప్పుడు చాలావరకు నిలిచే ఉంటుంది. డీబీఎస్ థియేటర్లలో దానికి ఇంత పేరు వచ్చింది అందుకే.

మగత కొంచెం ఎక్కువైతే ఏమవుతుంది? తల చట్రంలో, చట్రం బల్లకు బిగించి ఉంది. నాలుక వెనక్కి పడి ఊపిరి అడ్డుకుంటే మామూలుగా చేసినట్టు తల ఎత్తి, గడ్డం లాగడం కుదరదు. ముఖం మీద మాస్కు పెట్టబోతే చట్రం కడ్డీ అడ్డొస్తుంది. అందుకే చట్రం విప్పే తాళంచెవిని చేతికి అందేలా ఉంచుకోకుండా అనుభవమున్న మత్తు డాక్టరు ఎవరూ పని మొదలుపెట్టరు. ముఖం కనిపించేలా పారదర్శకమైన ప్లాస్టిక్ తెర కట్టిస్తారు. పెదాలు ఎండిపోతే తడి గాజుగుడ్డ అద్దుతారు. మోకాళ్ల కింద దిండు, మడమల కింద మెత్త. పార్కిన్సన్స్ రోగి గొంతు సన్నగా, లోపలికి ఉంటుంది. ఆ మాట వినడానికి ఎవరో ఒకరు చెవి దగ్గర పెట్టి కూర్చోవాలి. ఇవన్నీ పరికరాలు చేసే పనులు కావు.

> బీపీ మీద ఒక కన్ను
> డీబీఎస్‌లో అన్నిటికంటే భయపెట్టేది మెదడులో రక్తస్రావం. నూటికి ఒకరిద్దరిలో ఇది ఇబ్బంది పెట్టే స్థాయిలో జరగవచ్చు. సూది దిగే సమయంలో బీపీ పెరిగితే ముప్పు ఎక్కువ. పై సంఖ్య 140 దాటకుండా చూడటం చాలా కేంద్రాల్లో నియమం. మాత్రలు ఆపి, భయంతో, బిగుసుకుపోయి ఉన్న మనిషికి బీపీ పెరగడం సహజం. తగ్గించడానికి బీటా బ్లాకర్లు ఇద్దామంటే అవి వణుకునూ తగ్గిస్తాయి. ప్రొప్రనొలాల్ వణుకు జబ్బుకు ఇచ్చే మందే. ఇక రోగి తల ఎత్తులో ఉన్నప్పుడు ఎముక రంధ్రం దగ్గర తెరుచుకున్న సిరలోకి గాలి చొరబడవచ్చు. మెలకువగా ఉన్న రోగిలో దానికి తొలి గుర్తు చాలాసార్లు ఒక అకారణమైన దగ్గు.

పడుకోబెట్టి చేస్తే పోదా?

ఇంత యాతన ఎందుకు, పూర్తి మత్తు ఇచ్చి చేసేయవచ్చు కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఈ ప్రశ్నను ఊరికే తోసిపుచ్చలేం, ఎందుకంటే దానికి గట్టి సాక్ష్యం ఉంది. ఆమ్‌స్టర్‌డాంలో 110 మంది పార్కిన్సన్స్ రోగులను చీటీ తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు మెలకువలో, మరో గుంపుకు పూర్తి మత్తులో డీబీఎస్ చేశారు. గెలాక్సీ అనే ఈ అధ్యయనం 2021లో వెలువడింది. ఆలోచన, మనోస్థితి, ప్రవర్తనల్లో వచ్చే దుష్ప్రభావాల విషయంలో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. కదలికల్లో మెరుగుదల కూడా దాదాపు సమానం. పూర్తి మత్తులో ఆపరేషన్ తొందరగా అయింది, రోగులకు భారం తక్కువ అనిపించింది. మరోవైపు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంఆర్ఐ యంత్రంలోనే రోగిని నిద్రపుచ్చి, తీగ దిగుతుండగా బొమ్మలో చూసుకునే పద్ధతిని అభివృద్ధి చేశారు. ఒరెగాన్‌లో ఆపరేషన్ మధ్యలో సీటీ తీసి సరిచూసుకునే పద్ధతి వచ్చింది. కండరాలు వాటంతట అవే మెలితిరిగిపోయే డిస్టోనియా ఉన్న పిల్లలకు, మెలకువలో భయంతో వణికిపోయేవాళ్లకు పూర్తి మత్తు తప్ప మార్గం లేదు.

అలాగని మెలకువ పద్ధతికి కాలం చెల్లిందనడం తొందరపాటే. ఆమ్‌స్టర్‌డాం బృందం ఒకే కేంద్రంలో, ఎంతో అనుభవంతో, పూర్తి మత్తులోనూ నాడీకణాల చప్పుడు వింటూనే ఆ ఫలితం సాధించింది. అంటే మత్తు లోతును ఆ చప్పుడు చెడకుండా సర్దగల మత్తు డాక్టరు అక్కడ ఉన్నారు. మందు మోతాదు మీద అంత పట్టు, బొమ్మల్లో అంత స్పష్టత లేని చోట నిద్రపుచ్చి చేస్తే తీగ ఒకటి రెండు మిల్లీమీటర్లు తప్పినా తెలియదు. తప్పితే మాట ముద్దగా రావడం, ముఖం లాగడం, కళ్లకు రెండుగా కనపడటం లాంటివి రోగి ఇంటికి వెళ్లాక బయటపడతాయి. అందుకని ఏ పద్ధతి గొప్పదన్న వాదన కంటే ఆ బృందానికి ఏది బాగా వచ్చు, ఆ రోగి దేన్ని ఓర్చుకోగలడు అన్న రెండు ప్రశ్నలే రోగికి మేలు చేస్తాయి. ఆ నిర్ణయంలో మత్తు డాక్టరు మాటకు సర్జన్ మాటతో సమానమైన బరువు ఉండాలి. కుటుంబాలు ఆపరేషన్‌కు ముందు సర్జన్‌ను పదిసార్లు కలుస్తాయి. మత్తు డాక్టరును మాత్రం ముందురోజు సాయంత్రం ఫిట్‌నెస్ సంతకం కోసమే కలుస్తాయి. ఈ పద్ధతి మారాలి.

తీగలు అమర్చాక రెండో దశ ఉంటుంది. చెవి వెనక నుంచి మెడ చర్మం కింద తీగను లాగి, కాలర్ ఎముక కింద బ్యాటరీ పెట్టె అమర్చుతారు. ఇది నొప్పి ఎక్కువగా ఉండే పని. దీనికి పూర్తి మత్తు ఇస్తారు. ఇందులో పెద్ద వివాదమేమీ లేదు.

> హైదరాబాద్, క్లోరోఫాం, ఊపిరి
> మత్తు భద్రత గురించి ప్రపంచం వాదులాడుకుంటున్న రోజుల్లో ఆ వాదనకు వేదిక హైదరాబాదే. క్లోరోఫాం ప్రాణం తీసేది గుండెను ఆపా, ఊపిరిని ఆపా అన్నది తేల్చడానికి అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో డాక్టరు ఎడ్వర్డ్ లారీ 1888, 1889లో రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చారు. రెండోదానికి 'లాన్సెట్' పత్రిక తరఫున లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చారు. ఇక్కడి వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలోని తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా చెబుతారు. ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలు, గుండెకు భయం లేదన్న కమిషన్ తీర్పు తర్వాత తప్పని తేలింది. ఊపిరి మీద నుంచి కన్ను తీయొద్దన్న పాఠం మాత్రం నిలిచింది.

తుంటి విరిగిన రోజు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. హైదరాబాద్ నిమ్స్‌లోనూ కొన్ని కార్పొరేట్ ఆస్పత్రుల్లోనూ డీబీఎస్ ఏళ్లుగా జరుగుతోంది. లక్షల ఖర్చు పెట్టి అమర్చుకున్నవాళ్లు శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా తమ ఊళ్లకు తిరిగి వెళ్లారు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు పడిపోవడం కొత్త కాదు. అలాంటి ఒక 70 ఏళ్ల పెద్దాయన బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకున్నాడని అనుకుందాం. దగ్గర్లోని నర్సింగ్‌హోంకు తీసుకెళ్తారు. ఛాతీ మీద గుండ్రంగా ఉబ్బిన చోటు చూసి మత్తు డాక్టరు అడుగుతారు. కొడుకు "బ్యాటరీ పెట్టించామండీ" అంటాడు. డాక్టరు గుండెకు పెట్టే పేస్‌మేకర్ అనుకుంటారు. పైకి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. ఎక్స్‌రే తీస్తే తేడా క్షణంలో తెలుస్తుంది: తీగ గుండెలోకి దిగితే పేస్‌మేకర్, మెడలోకి ఎక్కితే మెదడుది. పేస్‌మేకర్ రోగికి పనికొచ్చే జాగ్రత్తలు ఇక్కడ పనికిరావు. పేస్‌మేకర్ మీద అయస్కాంతం పెడితే ఒకలా స్పందిస్తుంది. పాత రకం డీబీఎస్ పెట్టె మీద పెడితే అది ఆగిపోవచ్చు. కొత్తవాటిని ఆపడానికి, మొదలుపెట్టడానికి రిమోట్ ఉంటుంది. చాలా ఇళ్లలో ఆ రిమోట్ బీరువాలో, కార్డు ఫైల్లో ఎక్కడో అడుగున ఉంటాయి.

రెండో పొరపాటు మాత్రల దగ్గర జరుగుతుంది. "రాత్రి నుంచి ఏమీ తినొద్దు, తాగొద్దు" అనే మాటను ఇంట్లోవాళ్లు తు.చ. తప్పకుండా పాటిస్తారు. పార్కిన్సన్స్‌కు వేసుకునే లెవొడోపా మాత్ర సిండోపా కూడా ఆగిపోతుంది. లెవొడోపా ప్రభావం కొద్ది గంటలే ఉంటుంది. మధ్యాహ్నం ఆపరేషన్ సమయానికి ఒళ్లు బిగుసుకుపోతుంది, మింగడం కష్టమవుతుంది, ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. అందుకే ఇలాంటి రోగికి పొద్దున్న మాత్రను గుక్కెడు నీళ్లతో వేయించాలి, ఆపరేషన్ బాగా ఆలస్యమైతే ముక్కు గొట్టంలోంచైనా ఇవ్వాలి. తర్వాత వాంతి వస్తే చేతికందే పెరినార్మ్ ఇంజెక్షన్ వేస్తారు. అది మెదడులో డోపమైన్‌ను అడ్డుకుని పార్కిన్సన్స్‌ను పెంచుతుంది. దాని బదులు ఒండాన్‌సెట్రాన్ వాడితే ఈ ఇబ్బంది ఉండదు. పార్కిన్సన్స్‌కే ఇచ్చే రసగిలిన్, సెలిగిలిన్ వాడుతున్నవాళ్లకు నొప్పి కోసం పెథిడిన్, ట్రమడాల్ ఇస్తే ప్రాణం మీదికి రావచ్చు. మన ఆస్పత్రుల్లో ట్రమడాల్ ఎంత మామూలుగా ఇస్తారో అందరికీ తెలిసిందే.

మూడోది పరికరం. రక్తస్రావం ఆపడానికి సర్జన్ వాడే కాటరీ విద్యుత్‌తో పనిచేస్తుంది. మోనోపోలార్ కాటరీలో ఆ విద్యుత్ శరీరంలోంచి ప్రయాణించి, చర్మానికి అంటించిన ప్లేటు ద్వారా బయటికి పోతుంది. దారిలో పెట్టె, తీగ ఉంటే పరికరం చెడిపోవచ్చు, సెట్టింగులు మారిపోవచ్చు, తీగ చివర వేడెక్కవచ్చు. రెండు కొనల మధ్యే విద్యుత్ తిరిగే బైపోలార్ కాటరీ వాడటం మేలు. మోనోపోలార్ తప్పదంటే ప్లేటును తొడకో పిక్కకో అంటించి ఛాతీని దారిలోంచి తప్పించాలి, తక్కువ పవర్‌తో, ఆగి ఆగి వాడాలి. కాటరీ మొదలయ్యే ముందు పరికరాన్ని ఆపాలి, రోగి మేల్కొనే ముందు మళ్లీ మొదలుపెట్టాలి. పరికరం నడుస్తుంటే ఈసీజీ తెర మీద గీతలు చెదిరిపోయి గుండె కొట్టుకునే తీరు అర్థంకాదు. సెకనుకు దాదాపు 130 సార్లు వచ్చే కరెంటు మరి.

ఆపడం కూడా ఆషామాషీ కాదు. వణుకు ఒక్కటే ఉన్నవారికి ఆపితే వణుకు తిరిగొస్తుంది, అంతే. ఏళ్ల తరబడి డీబీఎస్ మీద ఆధారపడ్డ పార్కిన్సన్స్ రోగికి చాలాసేపు ఆపేస్తే జ్వరం, బిగుసుకుపోవడం, స్పృహ తగ్గడం దాకా వెళ్లవచ్చు. డిస్టోనియా ఉన్నవాళ్లకు ఒళ్లంతా మెలితిరిగిపోయే అత్యవసర స్థితి రావచ్చు. కాబట్టి అవసరం లేనప్పుడు ఆపకూడదు. కంటి శుక్లం ఆపరేషన్‌కు మోనోపోలార్ కాటరీ పని ఉండదు. తల కదలకుండా ఉండాలంటే అక్కడ డీబీఎస్ నడుస్తూ ఉండటమే మంచిది. గుండె ఆగిపోయిందా, పరికరం గురించి ఆలోచించకుండా షాక్ ఇవ్వాల్సిందే. షాక్ ప్యాడ్లను పెట్టెకు వీలైనంత దూరంగా పెడితే చాలు.

'కరెంటు పెట్టించుకోవడం' దగ్గర ఆగండి

మోకాళ్లు నొప్పి అనగానే మన పెద్దవాళ్లు ఫిజియోథెరపీకి వెళ్లి కరెంటు పెట్టించుకుంటారు. డీబీఎస్ ఉన్నవాళ్లకు ఇందులో ప్రాణాంతకమైనది ఒకటుంది. షార్ట్‌వేవ్, మైక్రోవేవ్ డయాథెర్మీ అని పిలిచే చికిత్స రేడియో తరంగాలతో కండరాల లోపల వేడి పుట్టిస్తుంది. ఆ తరంగాలను మెదడు తీగ పట్టుకుంటుంది. వేడి తీగ కొన దగ్గర, అంటే మెదడు మధ్యలో చేరుతుంది. 2001లో అమెరికాలో ఒక వైద్య పత్రిక ఇలాంటి కేసునే ప్రచురించింది. పంటి ఆపరేషన్ తర్వాత నొప్పికి డయాథెర్మీ తీసుకున్న డీబీఎస్ రోగి మెదడు మధ్యభాగం శాశ్వతంగా దెబ్బతింది. డయాథెర్మీ తర్వాత డీబీఎస్ రోగులు చనిపోయిన ఘటనలపై 2002 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. పరికరం ఆపేసి ఉన్నా, పెట్టె తీసేసి తీగ ఒక్కటే లోపల మిగిలినా ముప్పు పోదని అందులో స్పష్టంగా చెప్పారు. ఎంఆర్ఐ విషయంలోనూ ఇదే తరహా జాగ్రత్త కావాలి. నడుముకు ఎంఆర్ఐ తీస్తే మెదడులో తీగ చుట్టూ దెబ్బతిన్న కేసు 2005లో వెలువడింది. ఇప్పటి పరికరాల్లో చాలావాటితో కొన్ని షరతుల మీద ఎంఆర్ఐ తీయవచ్చు. ఆ షరతులు ఏమిటో పరికరం కార్డు చూస్తే తప్ప తెలియవు.

> తీగలు వేరు, జాగ్రత్తలు వేరు
> మూర్ఛకు మెడలోని వేగస్ నరానికి అమర్చే పరికరం కొందరిలో నిద్రలో ఊపిరి అడ్డుకునేలా చేస్తుంది, స్వరపేటికను కదిలిస్తుంది. గొంతులో గొట్టం వేసే మత్తు డాక్టరుకు ఇది ముందే తెలియాలి. దాని మీద అయస్కాంతం పెట్టి ఉంచితే ఆగుతుంది, ఒకసారి రాస్తే అదనపు మోతాదు ఇస్తుంది. నడుము నొప్పికి వెన్నులో తీగ ఉన్నవాళ్లకు వెన్నులో మత్తు ఇవ్వాలంటే తీగ ఏ ఎముక దగ్గరుందో ఎక్స్‌రేలో చూసుకోవాలి. లేకపోతే సూది తీగకు తగలవచ్చు.

అరుదైన కేసుకు ఇంత హడావిడా?

జిల్లా ఆస్పత్రిలో పనిచేసే మత్తు డాక్టరుకు పదేళ్లలో ఇలాంటి రోగి ఒక్కరే రావచ్చు, ఆ ఒక్కరి కోసం అందరికీ ఇదంతా నేర్పాలా అని అడగవచ్చు. మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా అనే అరుదైన మత్తు ప్రమాదాన్ని జీవితంలో ఒక్కసారీ చూడని డాక్టర్లు ఎందరో. అయినా దాని గురించి చదవకుండా ఎవరూ పరీక్ష పాసవరు. అరుదుగా వచ్చేవాటి దగ్గరే జ్ఞాపకం మోసం చేస్తుంది. పైగా ఇక్కడ ఎవరూ పరికరం ప్రోగ్రామింగ్ నేర్చుకోనక్కర్లేదు. పరికరం ఏ రకం, ఎందుకు పెట్టారు, ఎలా ఆపాలి, ఆపితే ఏమవుతుంది, ఏ మందులు వద్దు, ఎవరికి ఫోన్ చేయాలి అన్న ఆరు ప్రశ్నలకు జవాబులు ఒక కాగితం మీద ఉంటే చాలు.

అలాంటప్పుడు అందరినీ హైదరాబాద్‌కే పంపేయవచ్చు కదా అన్నది ఇంకో మాట. ముందుగా తేదీ వేసుకుని చేయించుకునే ఆపరేషన్‌కు అది మంచి సలహానే. పగిలిన అపెండిక్స్, ఆగని రక్తస్రావం, అత్యవసర సిజేరియన్ ఆరు గంటల ప్రయాణానికి ఆగవు. చిన్న వయసులో డిస్టోనియాకు డీబీఎస్ చేయించుకున్న అమ్మాయిలకు పెళ్లిళ్లవుతాయి, పిల్లలు పుడతారు. ఆ కాన్పు ఎక్కడో దగ్గర్లోనే జరగాలి. దగ్గర్లో ఉన్న డాక్టరుకు తెలియాల్సిన అవసరం అక్కడే వస్తుంది.

ఇవన్నీ చెబితే జనం భయపడి మంచి చికిత్సకే దూరమవుతారని కొందరు న్యూరాలజిస్టులు సందేహిస్తారు. ఈ సందేహంలో నిజాయితీ ఉంది. జర్మన్ వైద్యుల నాయకత్వంలో 156 మంది రోగులతో జరిపి 2006లో వెలువరించిన అధ్యయనంలో, ముదిరిన పార్కిన్సన్స్‌కు మందులు ఒక్కటే వాడినవారి కంటే డీబీఎస్ కూడా చేయించుకున్నవారి జీవితం మెరుగ్గా ఉందని తేలింది. ఆ మేలును ఎవరూ కాదనలేరు. పైన చెప్పిన ప్రమాదాలన్నీ ముందే తెలిస్తే తప్పించుకోగలిగినవే. చెప్పకుండా దాస్తే మరో చోట భయం పుడుతుంది: పరికరం పేరు వినగానే "మావల్ల కాదు, తీసుకెళ్లండి" అనే ఆస్పత్రులు పెరుగుతాయి. తెలియని డాక్టరు భయం రోగి భయం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

ఈ సమాచారం అవసరం ఇక తగ్గేది కాదు, పెరిగేదే. మెదడు తరంగాలను తానే చదివి కరెంటును తానే పెంచి తగ్గించుకునే రకం డీబీఎస్‌కు 2025 ఫిబ్రవరిలో అమెరికా అనుమతి వచ్చింది. మత్తుమందు మెదడు తరంగాలనే మార్చేస్తుంది. కాబట్టి అలాంటి పరికరం ఉన్న మనిషికి ఆపరేషన్ అంటే ఆ స్వయంచాలక పద్ధతిని ఏం చేయాలో కూడా ముందే తేల్చుకోవాలి. డీబీఎస్ చేసే ప్రతి కేంద్రం డిశ్చార్జి కాగితాలతో పాటు ఆ ఆరు ప్రశ్నలకు జవాబులున్న పేజీని తెలుగులో, ఇంగ్లిష్‌లో ఇవ్వాలి. ఏ రాత్రయినా ఎత్తే ఫోన్ నంబరు దాని మీద ఉండాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ పరికరం ఉంటే ఈ వారమే ఆ పేజీ అడిగి రాయించుకోండి. పరికరం కార్డును ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. రిమోట్‌కు ఛార్జింగ్ ఉందో లేదో చూసి, బీరువాలోంచి తీసి మందుల డబ్బా పక్కన పెట్టండి. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా, ఫిజియోథెరపీకి వెళ్లినా, స్కానింగ్‌కు వెళ్లినా, లోపలికి అడుగుపెట్టగానే చెప్పాల్సిన మొదటి మాట మెదడులో తీగ ఉందన్నదే.